వేల్పూరులో వేల్పూరి వాళ్లు లేరు

మా చెల్లి పెళ్లి మాటలు ఒక్క చోట ఆగిపోయాయి. కట్నం దగ్గర కాదు, జాతకాల దగ్గర కాదు. ఇంటిపేరు దగ్గర.

అబ్బాయిది చెల్లి పనిచేసే కంపెనీయే, వేరే టీము. ఇద్దరూ ఇష్టపడ్డారు. వాళ్లది తణుకు దగ్గర పల్లె, మాది ఖమ్మం జిల్లాలో మధిర దగ్గర. ఈ రెండు ఊళ్ల మధ్య రాకపోకలు లేవు, చుట్టరికం అసలే లేదు. కానీ మా ఇంటిపేరు వేల్పూరి. వాళ్ల ఇంటిపేరూ వేల్పూరే. ఇంగ్లీషులో మేము 'యు' పెడతాం, వాళ్లు రెండు 'ఓ'లు పెడతారు. ఆ తేడా చూపించి చెల్లి మొదట్లో నవ్వేది, "స్పెల్లింగ్ వేరు కదా అన్నయ్యా, కుదురుతుందిలే" అని.

కుదరలేదు. పెదనాన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ల వరస. ఇంకా మాట్లాడేదేముంది?" గోత్రాలు వేరు కదా అన్నాను. "గోత్రం పెళ్లిలో పంతులుగారు అడిగితే చెప్పేది. ఎవరు రాసిపెట్టుకున్నారు? ఇంటిపేరు అట్లా కాదు, అది నోట్లో ఉంటుంది" అన్నాడు.

చట్టం సంగతి నేను ముందే చూసి పెట్టుకున్నాను. సగోత్ర వివాహాల మీద అడ్డు 1946లోనే తీసేశారు. 1955 హిందూ వివాహ చట్టం చూసేది సపిండ సంబంధాన్ని, అంటే తండ్రి వైపు అయిదు తరాలు, తల్లి వైపు మూడు తరాలు. ఇంటిపేరు ప్రస్తావనే లేదు. ఇదంతా పెదనాన్నకు చెప్పలేదు. చెబితే ఆయన వింటాడా? పైగా మా నాన్న చేసుకున్నది సొంత మేనమామ కూతురిని. మా ఇంట్లో అసలైన రక్తసంబంధం అది! దానికి మేళతాళాలు, విందులు. ఎన్నడూ మొహం చూడని తణుకు అబ్బాయికి మాత్రం వరస కుదరలేదు. ఈ లెక్క నాకు చిన్నప్పటి నుంచీ అర్థం కాదు.

నాన్న ఏమీ అనలేదు. ఆయన మౌనమే చెల్లిని ఎక్కువ బాధపెట్టింది.

మా ఆఫీసులో మేము ఐర్లండ్ వాళ్లతో కలిసి పనిచేస్తాం. ఒక రోజు కాల్ ముందుగా ముగిసి ఖాళీగా ఉంటే ఈ గొడవ అక్కడి సహోద్యోగికి చెప్పాను. ఆయన ఇంటిపేరు మర్ఫీ. పెద్దగా నవ్వి, "అలాగైతే మా దేశంలో సగం మందికి పెళ్లిళ్లు కావు" అన్నాడు. ఐర్లండ్‌లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఇంటిపేరు అదేనట. కానీ మర్ఫీలంతా ఒక ఇంటి వాళ్లు కాదు. ముర్చద్ అనే పేరున్న మూలపురుషులు వేర్వేరు ప్రాంతాల్లో ఉన్నారు. ఎక్కడికక్కడ వాళ్ల వారసులకు ఆ పేరు విడిగా వచ్చింది. వాళ్ల 'ఓ' అంటే మనవడు, 'మాక్' అంటే కొడుకు. ఇంగ్లీషు వాళ్ల పాలనలో చాలా ఇళ్లు ఆ 'ఓ', 'మాక్'లను రాలగొట్టేసుకున్నాయి. తర్వాత కొందరు మళ్లీ తగిలించుకున్నారు. 1845లో మొదలైన బంగాళదుంపల కరువులో దాదాపు పది లక్షల మంది చచ్చిపోతే, మరో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్లిపోయారు. వాళ్ల మునిమనవలు ఇప్పుడు అమెరికా నుంచి వచ్చి చర్చి రిజిస్టర్లు తిరగేస్తుంటారు, తాత ఏ ఊరివాడో తెలుసుకుందామని.

"మీరు కూడా ఊరికి వెళ్లి చూడొచ్చు కదా" అన్నాడాయన. ఏ ఊరికి? మాకు చర్చి రిజిస్టరు లేదు. తాత చెప్పిన మాట ఒక్కటే ఉంది. "మనం పల్నాటి నుంచి కరువులో బండ్లు కట్టుకుని కృష్ణ దాటొచ్చినోళ్లం" అనేవాడు. ఏ కరువో, ఎన్నో తరమో చెప్పలేదు. మేమూ అడగలేదు.

కార్తీకం చివర ఒక శుక్రవారం రాత్రి నరసరావుపేట బస్సెక్కాను.

తెల్లవారుజామున దిగేసరికి చలిగా ఉంది. బస్టాండు బయట టీ తాగుతూ ఒక సంగతి గుర్తు చేసుకున్నాను. నరసరావుపేట అసలు పేరు అట్లూరు. జమీందారు మల్రాజు నరసారావు పేరు మీద పేట అయింది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు ఇదే జిల్లా కేంద్రమైంది. అట్లూరు అన్న పేరు పటంలో మరుగునపడింది గానీ అట్లూరి అనే ఇంటిపేరు లోకమంతా తిరుగుతోంది. వాళ్లంతా ఈ ఊరివాళ్లేనా అంటే చెప్పలేం, కడప జిల్లాలోనూ ఒక అట్లూరు ఉంది. నా తలనొప్పి వేరే ఇళ్లకూ ఉందన్నమాట.

తెలుగులో ఊరు ఇంటిపేరయ్యేటప్పుడు చివర కొంచెం మెత్తబడుతుంది. ఇల్లు ఇంటి అయినట్టు, ఏరు ఏటి అయినట్టు. వ్యాకరణంలో ఔపవిభక్తికం అంటారని పదో తరగతిలో మార్కుల కోసం బట్టీ పట్టాను. నందమూరు నందమూరి అవుతుంది. పాడు పాటి అవుతుంది, కుర్రు కుర్తి అవుతుంది. పల్లి, పూడి మాత్రం కదలవు. పల్నాడు పల్నాటి యుద్ధం అయిందీ, కొండవీడు కొండవీటి చాంతాడు అయిందీ ఇదే లెక్కలో. ఆ చివరి 'ఇ'కి అర్థం 'ఆ ఊరి' అని. వేల్పూరి అంటే వేల్పూరుకు చెందిన అని. అంతే. ఎవరి కొడుకో, ఏ వంశమో అందులో లేదు. ఐర్లండ్ వాళ్ల పేర్లు తాతను చెబుతాయి, మనవి ఊరిని చెబుతాయి. మనలోనూ అన్నీ అలా కావు. చివర 'నేని' వచ్చేవి నాయుడి పేరు మీద పుట్టినవి, వృత్తి మీద వచ్చినవీ ఉన్నాయి. కానీ ఊరి పేర్లదే పెద్ద గుంపు.

నరసరావుపేట నుంచి వినుకొండ వెళ్లే దారిలో శావల్యాపురం మండలం. మా వేల్పూరు అక్కడుందని పటంలో చూశాను. బస్సు దిగి ఆటో మాట్లాడుకుని వెళ్తుంటే దారి పొడుగునా బోర్డులు. పొట్లూరు, కారుమంచి, కనమర్లపూడి, మతుకుమల్లి. చదువుతుంటే మా ఇంజినీరింగ్ కాలేజీలో హాజరు పిలుస్తున్నట్టుంది. పొట్లూరి ఫస్ట్ బెంచీ, కారుమంచి లాస్ట్ బెంచీ. మతుకుమల్లి మా సీనియర్. ఒక్క మండలంలో ఇంతమంది ఇంటిపేర్లు పొలాల మధ్య నిలబడి ఉన్నాయి. వాళ్లలో ఎంతమంది ఈ బోర్డుల దగ్గర ఫొటో దిగారో మరి.

వేల్పూరు మామూలు ఊరు. ఏదో గంట మోగుతుందని అనుకుని వచ్చాను గానీ మోగలేదు. పత్తి తీతలు జరుగుతున్నాయి. మిరప చేలు పచ్చగా ఉన్నాయి. రచ్చబండ మీద ఇద్దరు ముసలాళ్లు, ఒక కుర్రాడు ఫోనులో వీడియో చూసుకుంటూ.

"ఎవురింటికి బాబూ?" అన్నాడు ఒకాయన.

"ఎవరింటికీ కాదు తాతా. ఊరు చూద్దామని."

"ఈడ చూసేదానికేముంది? ఇంటిపేరేంది?"

పల్నాటిలో మనిషికి పడే మొదటి ప్రశ్న ఇదే. పేరు తర్వాత. "వేల్పూరి" అన్నాను కొంచెం గర్వంగానే.

ఇద్దరూ మొహాలు చూసుకుని నవ్వారు. "వేల్పూరోళ్లు ఈ ఊళ్లో లేరయ్యా."

ఇంత దూరం వస్తే ఒక్క ఇల్లు కూడా లేదా? నా మొహం చూసి జాలేసిందేమో, పక్కన చోటిచ్చి కూర్చోమన్నాడు. "ఉండరు గూడా. ఈ ఊళ్లో ఉన్నంతకాలం మీవోళ్లని వేల్పూరోళ్లని ఎవురంటారు? ఈడ అందరూ వేల్పూరోళ్లే గదా! ఊరిడిచి ఇంకో ఊరు పోతే అక్కడోళ్లు అడుగుతారు, యాడోళ్లయ్యా అని. వేల్పూరోళ్లం అంటారు. ఇంక అదే ఇంటిపేరు."

"మరి ఊరు వదలక ముందు మా ఇంటిపేరేమిటి?"

"అంతకుముందు యాడ్నుంచి వచ్చారో ఆ ఊరు పేరు."

ఆ రచ్చబండ మీద నాకు నోట మాట రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా మోస్తున్న పేరు ఇక్కడి వాళ్లమని చెబుతుందనుకున్నాను. అది చెప్పేది మేము ఇక్కడి నుంచి వెళ్లిపోయామని. రెండూ ఒకటి కాదు. పైగా ఈ ఊరి నుంచి వంద ఏళ్ల తేడాలో నాలుగు ఇళ్లు నాలుగు దిక్కులకు వెళితే నలుగురూ వేల్పూరి వాళ్లే అవుతారు. వేర్వేరు కులాల వాళ్లు వెళ్లినా అంతే. అందుకే మన దగ్గర ఒకే ఇంటిపేరు రెండు మూడు కులాల్లో కనిపిస్తుంది.

లేవబోతుంటే రెండో ఆయన, అప్పటిదాకా మాట్లాడనాయన, అన్నాడు. "ఇంకో వేల్పూరు ఉంది, సత్తెనపల్లి అవతల. మీది ఆ వేల్పూరేమో."

ఉంది. ఆ వేల్పూరు శాసనాల వేల్పూరు. విష్ణుకుండిన రాజు మాధవవర్మ వేయించిన స్తంభ శాసనం దొరికింది అక్కడే. వేల్పు అంటే దేవుడు, దేవుడున్న ప్రతి ఊరూ వేల్పూరు కావచ్చు. తణుకు దగ్గర వేల్పూరు ఉంది, నిజామాబాద్ జిల్లాలో వేల్పూరు మండలమే ఉంది. అబ్బాయి వాళ్లది తణుకు పక్క పల్లె కాబట్టి వాళ్ల పేరు ఆ వేల్పూరుదే అయి ఉంటుందని ఎవరైనా అంటారు. కానీ 'అయి ఉంటుంది' అనే మాట పెదనాన్న దగ్గర చెల్లదు. వాళ్లు కూడా పల్నాటి నుంచే గోదావరికి వెళ్లలేదని నేనెలా చెప్పగలను? ఆనకట్టల కాలంలో అటు వెళ్లినవాళ్లు తక్కువా?

కరువు సంగతి ఇక్కడ చెప్పాలి. 1832–33, నందన నామ సంవత్సరం. గుంటూరు సీమలో వచ్చిన ఆ కరువును నందన కరువనీ, డొక్కల కరువనీ అన్నారు. అయిదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని అంచనా. బతికినవాళ్లలో కాళ్లున్నవాళ్లు వలస పోయారు. ఐర్లండ్ కరువు పుస్తకాలకెక్కింది, పాటలకెక్కింది. దానికి పదమూడేళ్ల ముందు మన దగ్గర జరిగింది మాత్రం నేను బీటెక్ అయ్యాక చదివాను. మా తాత చెప్పిన కరువు అదేనని ఒట్టేసి చెప్పను. 1876లో ధాత కరువు కూడా వచ్చింది. ఏదైనా కానీ, పల్నాడు మెట్ట నేల, వాన మీద బతుకు. కృష్ణ పక్కనే పారుతుంది, లోతుగా. ఆ నీళ్లు పొలానికెక్కవు. తర్వాత ధవళేశ్వరం ఆనకట్ట 1852కి, బెజవాడ ఆనకట్ట 1855కి పూర్తయ్యాయి. కాలవ నీళ్లున్న వైపు మనుషులు కదిలారు. కొందరు ఏరు దాటి నైజాంలోకి వెళ్లారు. మేము ఆ కొందరిలోని వాళ్లం.

వంద ఏళ్ల తర్వాత ప్రవాహం తిరగబడింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. 1967లో కాలవలకు నీళ్లొదిలారు. డెల్టాలో ఎకరం అమ్ముకుని పల్నాటిలో నాలుగెకరాలు కొనుక్కున్న రైతులు వచ్చారు. ఈ కథ ఇక్కడే కాదు. అంతకుముందే నిజాంసాగర్ కింద బోధన్ వైపుకు, తర్వాత తుంగభద్ర కింద గంగావతి, సింధనూరు వైపుకు మనవాళ్లు వెళ్లారు. అక్కడి పల్లెలను ఇప్పటికీ క్యాంపులంటారు. పేరులోనే తాత్కాలికం. మూడో తరం పుట్టినా క్యాంపే.

శావల్యాపురం నుంచి వినుకొండ మీదుగా కారెంపూడి వెళ్లాను. పని అయిపోయింది, వెనక్కి వెళ్లొచ్చు. కానీ ఆ వారం పల్నాటి వీరుల ఉత్సవాలు. కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. నేను చేరింది రాయబారం రోజు.

పల్నాటి కథ తెలియని తెలుగువాడు ఉండడు గనక విప్పి చెప్పను. పన్నెండో శతాబ్దపు గొడవ. నలగామరాజు గురజాలలో, మలిదేవాదులు మాచర్లలో. ఒక తండ్రి పిల్లలు. అంటే ఒకే ఇంటివాళ్లు కొట్టుకుని చచ్చారు. ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ములన్న మా పెదనాన్నను ఒకసారి ఈ ఉత్సవానికి తీసుకురావాలి అనిపించింది. రాయబారం వెళ్లిన అలరాజు నలగాముడికి స్వయానా అల్లుడు. చర్లగుడిపాడులో విషం పెట్టి చంపారు.

నాకు ఆ రోజు ఎక్కువగా గుర్తొచ్చింది నాగమ్మ. పల్నాటి నాయకురాలు అంటాం గానీ ఆమె పేరు ముందున్నది పల్నాటి ఊరు కాదు. ఆరవెల్లి నాగమ్మ. చెప్పుకునే కథ ప్రకారం ఆరవెల్లి కరీంనగర్ వైపు ఊరు. తండ్రితో కలిసి చుట్టాల పంచన బతకడానికి జిట్టగామాలపాడు వచ్చింది. రాజ్యాన్ని నడిపింది, యుద్ధం చేసింది, ఎనిమిది వందల ఏళ్లుగా ఈ నేల కథల్లో ఉంది. అయినా ఇక్కడి జనం ఆమెను ఆరవెల్లి అనే పిలుస్తున్నారు. వేల్పూరు తాత చెప్పిందే. వచ్చినవాళ్లకే ఊరి పేరు.

నాగులేరు ఒడ్డున వీరుల గుడి. అరవై ఆరుగురు వీరులు. వాళ్ల పేర్ల మీద ఆయుధాలు. వాటిని కొణతాలంటారు. వీరాచారవంతులు ఏడాదంతా ఇళ్లలో పూజించి, ఈ అయిదు రోజులకు మోసుకొస్తారు. ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పసుపు కుంకుమ, వేపాకు కట్టిన కత్తులు భుజాన పెట్టుకుని బస్సులు దిగుతున్నారు. నా పక్కన నిలబడ్డ ఒకాయన ప్రకాశం జిల్లా నుంచి వచ్చాడు. పల్నాటిలో వాళ్లకు ఇల్లు లేదు, పొలం లేదు, బంధువులు లేరు. "మా తాతలు ఈ వీరుడి తాలూకా. ఏడాదికోసారి రాకపోతే ఎట్టా?" అన్నాడు. మా ఇంట్లో కత్తి లేదు. మాకు మిగిలింది ఒక పేరు, దానికి రెండు మూడు ఊళ్లు.

జాతరలో డోళ్ల మోత కొంచెం తగ్గాక గుడి బయట ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాను. ఆయన వంశరాజు. కొన్ని కులాల గోత్రాలు, ఇంటిపేర్లు, వంశవృక్షాలు నోటితో చెబుతూ ఇల్లిల్లూ తిరిగి బతికిన వాళ్లు వీళ్లు. పాత పేరు తిట్టులా వాడుతున్నారని ఇప్పుడు ప్రభుత్వం వంశరాజ్ అని రాస్తోంది. కరణాల దస్త్రాలు భూమిని రాశాయి. మనుషులను గుర్తుపెట్టుకున్నది వీళ్లు. కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. వీళ్లను ఎవరూ రద్దు చేయలేదు, పిలవడం మానేశారంతే. ఆయన కొడుకు హైదరాబాదులో సెంట్రింగ్ పనికి వెళ్తాడట. పాఠం వల్లించడం రాదట.

నా గొడవంతా చెప్పాను. ఆయన ఇంటిపేరు మాట పట్టించుకోనేలేదు. "వేల్పూరోళ్లంటే పది ఇళ్లుంటాయి నాయనా. మీ ఇలవేల్పు ఎవురు?" అన్నాడు.

"అంకమ్మ." నాయనమ్మ బతికి ఉన్నప్పుడు మా ఇంట్లో అంకమ్మ కొలుపు చేసేది. మధిర దగ్గర మా ఊళ్లో ఇంకెవరింట్లోనూ ఆ కొలుపు లేదు. చిన్నప్పుడు అది నాకు సిగ్గుగా ఉండేది, మా ఇల్లు ఒక్కటే ఎందుకిలా అని.

ఆయన తల తిప్పి చూపించాడు. వీరుల గుడి దగ్గరే అంకాళమ్మ గుడి. పల్నాటి వీరులు కొలిచిన అమ్మ. "మీ తాత అబద్ధం చెప్పలా" అన్నాడు.

అంకమ్మను కొలిచేవాళ్లు పల్నాటి బయటా చాలామంది ఉన్నారు, నాకూ తెలుసు. రుజువు అనలేను. అయినా ఆ గుడి ముందు నిలబడితే నాయనమ్మ పసుపు చేతులు గుర్తొచ్చాయి. పొద్దున వేల్పూరులో మోగని గంట అక్కడ మోగింది.

"అబ్బాయి వాళ్ల ఇలవేల్పునడుగు. వాళ్ల ఆడపడుచులను ఏయే ఇళ్లకిచ్చారో అడుగు. మీరిచ్చిన ఇళ్లకే వాళ్లూ పిల్లనిచ్చి, ఆ ఇళ్ల నుంచే కోడళ్లను తెచ్చుకుంటే మీరు ఒక గుంపు కావచ్చు. లేకపోతే ఉత్త పేరు కలిసింది, అంతే" అన్నాడు. మా ఆఫీసులో రెండు టేబుళ్లలో ఒకే పేరు కనిపిస్తే ఒకే మనిషని కలిపెయ్యకుండా మిగతా కాలమ్స్ సరిచూస్తాం. ఆయన చెప్పింది అదే. ఫీజు కింద ఐదొందలు తీసుకున్నాడు. సంతోషంగా ఇచ్చాను.

రాత్రి గురజాల మీదుగా మాచర్ల చేరి లాడ్జిలో పడుకున్నాను. గురజాల అనగానే గురజాడ అప్పారావు ఈ ఊరివాడేనా అని మా టీములో ఒకసారి ఒకడు అడిగాడు. కాదు, ఆయన పూర్వీకులది కృష్ణా జిల్లా గురజాడ. ఆయన పుట్టింది ఎలమంచిలి దగ్గర రాయవరంలో, బతికింది విజయనగరంలో. ఆ రాత్రి నిద్ర పట్టక ఇలాంటి వాళ్లనే లెక్కపెట్టాను. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టింది తిరుత్తణిలో, ఇంటిపేరు నెల్లూరు జిల్లా ఊరు. త్యాగరాజు కాకర్ల వారు, ఆ కాకర్ల ప్రకాశం జిల్లాలో అని చెబుతారు, ఆయన పుట్టింది తిరువారూరులో. కావేరి నీళ్లు తాగి తెలుగులో పాడినాయన పేరు ముందు మన మెట్ట ఊరు కూర్చుని ఉంది. శ్రీశ్రీ కథ ఇంకోరకం. పుట్టింది పూడిపెద్ది వారింట, దత్తత వెళ్లి శ్రీరంగం అయ్యాడు.

తమిళనాడులో కోవిల్‌పట్టి వైపు వందల ఏళ్ల కిందట వెళ్లిన తెలుగువాళ్లున్నారు. వాళ్ల వలస కథనే కి. రాజనారాయణన్ తమిళంలో నవలలుగా రాశాడు, 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. అక్కడ మనిషి పేరు ముందు తండ్రి ఇనిషియలే ఉంటుంది. ఇంటిపేరు బయటికి కనపడదు. పెళ్లి మాటలప్పుడు మాత్రం తీస్తారు, మేమూ మీరూ ఒకటి కాదు కదా అని చూసుకోవడానికి. అంటే మా చెల్లి పెళ్లిని ఆపిన ఆచారమే అక్కడ ఇంటిపేరును బతికించింది. మారిషస్ వెళ్లిన కూలీలకు ఆ అదృష్టం లేదు. 1834 తర్వాత చెరకు తోటలకు పంపినవాళ్లకు గుమాస్తా ఒక పేరు, తండ్రి పేరు రాసుకున్నాడు. తండ్రి పేరే ఇంటిపేరైంది. అప్పయ్యలు, రామస్వాములు ఇంటిపేర్లయ్యారు. ఊరు సముద్రంలో పడిపోయింది.

పొద్దున్నే చంద్రవంక ఒడ్డున చెన్నకేశవుడి గుడికి వెళ్లాను. పెద్దగా జనం లేరు. పూజారి గోత్రం అడిగాడు, ఇంటిపేరు అడిగాడు. రెండూ చెప్పాను. చెల్లి పేరు మీద అర్చన చేయించాను. పక్కనే అబ్బాయి పేరు చెప్పాలా వద్దా అని ఒక క్షణం ఆగి, చెప్పాను. "ఇంటిపేరు?" అన్నాడు. "అదే" అన్నాను. ఆయన దంపతులనుకున్నాడో, అన్నాచెల్లెళ్లనుకున్నాడో తెలియదు, మంత్రం ఆపలేదు.

మాచర్ల నుంచి సాగర్ మీదుగా హైదరాబాదు బస్సు. ఎత్తిపోతల దాటాక సిగ్నల్ వచ్చింది. చెల్లివి మూడు మిస్డ్ కాల్స్, నాన్నది ఒకటి. నాన్న ఫోన్ చేయడమే అరుదు. ముందు ఆయనకే చేశాను. వేల్పూరులో వేల్పూరి వాళ్లు లేరని, ఇంకో వేల్పూరు ఉందని, అంకాళమ్మ గుడి చూశానని చెప్పాను. గుడి అనగానే అటువైపు మాట ఆగింది.

"మా అమ్మ ఎప్పుడూ అనేది, ఒకసారి కారెంపూడి తీసకపోరా అని. తీసకపోలేదు" అన్నాడు.

బస్సు డ్యామ్ దగ్గర మలుపు తిరిగింది. నీళ్లు నిండుగా ఉన్నాయి. వంశరాజు పెద్దాయన అడగమన్నవి చెప్పాను, ఇలవేల్పు సంగతి, ఆడపడుచుల సంగతి. పెదనాన్నకు ఎలా చెప్పాలో తెలియట్లేదన్నాను.

"అన్నయ్యతో నేను మాట్లాడతాలే. ఆ అబ్బాయి వాళ్ల ఇలవేల్పు ఎవరో కనుక్కున్నావా?"

"ఇంకా లేదు నాన్నా."

"వాళ్ల నాన్న నంబరు పంపు. నేనే అడుగుతా."